ముస్తఫా పెట్టె

1996లో మా పూండి పిల్లలకు రెండు కొత్త సంగతులు దొరికాయి. ఒకటి కృష్ణ నీళ్లు. కండలేరులో బయల్దేరి, ఆంధ్రాలో 152 కిలోమీటర్లు, ఊత్తుకోట దగ్గర జీరో పాయింటు దాటాక తమిళనాట మా వైపు ఇంకో 25 కిలోమీటర్లు కాలవలో నడిచి మా చెరువులో పడ్డాయి. పెద్దవాళ్లు వాటిని చూడ్డానికి పోయారు. రెండోది ముస్తఫా. అది తిరువళ్లూరు బస్టాండు వెనక సందులో, ఒక రేకుల కొట్లో ఉండేది. మేం దాన్ని చూడ్డానికి పోయాం.

ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. మార్క్ షుల్ట్జ్ గీసిన అమెరికన్ కామిక్ ఆధారంగా జపాను కంపెనీ కాప్‌కామ్ 1993లో చేసింది. అంత పేరు మా నోటికి తిరగలేదు. ఆటలో నలుగురు వీరులు: జాక్, హన్నా, మెస్, ముస్తఫా. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న ముస్తఫాది అందరికన్నా వడి. దానికితోడు 1996లోనే వచ్చిన 'ప్రేమదేశం' సినిమా పాట తెలుగులోనూ తమిళంలోనూ ఇదే పేరు మోగించింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాబోటి ఊళ్లలో తర్జుమా అక్కర్లేని మాట ఒకటి దొరికింది. ఆట పేరు ముస్తఫా అయిపోయింది.

పోయినేడు ఒక చుట్టాలింటికి పోతే, గొడ్ల పాకలో తవుడు బస్తాల వెనక, రూపాయి వేసి ఆడే అలాంటి ఆట పెట్టె కనబడింది. అద్దం మీద వేలెడు మందం దుమ్ము. అడుగున చెదలు. లోపల ఎలుకలు కాపురం పెట్టి ఖాళీ చేసినట్టున్నాయి.

"దీన్ని తీసుకుపోయి ఏం చేస్తావు నైనా?" అంది అత్త.

"బాగుచేస్తాను అత్తా."

"బాగైతే?"

"ఆడతాను."

నలభై దాటిన మనిషి నోట ఆ మాట విని ఆమె నవ్వి, డబ్బులొద్దంది. బస్తాలకు చోటు దొరికింది, అదే చాలంది. మా వైపు కుట్టి యానె అని పిలిచే టాటా ఏస్‌లో పెట్టె మా ఇంటికి చేరింది.

చెదలు తిన్న అడుగు భాగం ఆరంగుళాలు కోసి, కొత్త ప్లైవుడ్డు అతికించడం సులువైన పని. లోపలి పని వేరు. అందులో ఉండేవి మూడే: కరెంటిచ్చే పవర్ సప్లై, ఆట ఉండే బోర్డు, బొమ్మ చూపే పిక్చర్ ట్యూబు. బోర్డును మిగతావాటితో కలిపేది జమ్మా అనే కనెక్టరు. జపాను ఆటయంత్రాల తయారీదార్లు 1985లో కూడి, అందరం ఇదే వాడదామని ఒప్పుకున్నారు. దానికి 56 పిన్నులు. ఏ పిన్నుకు ఏ పనో ముందే రాసి ఉంది. తిరువళ్లూరు వడ్రంగి కొట్టిన పెట్టెలో ఒసాకా కంపెనీ ఆట ఆడిందంటే ఆ ఒప్పందం చలవే.

మొదట ఆట చప్పుడు మొదలై, అర నిమిషంలో ఆగి, మళ్లీ మొదలయ్యేది. బోర్డు పోయిందనుకున్నాను. మీటరు పెట్టి చూస్తే బోర్డు దగ్గర 5 వోల్టులు ఉండాల్సిన చోట 4.6 ఉంది. బోర్డు అంచున రాగి పట్టీలు నల్లబడ్డాయి. స్కూలు పిల్లల పెన్సిల్ రబ్బరుతో అవి మెరిసేదాకా రుద్ది, పవర్ సప్లైలో స్క్రూ కొంచెం తిప్పి 5కి తెచ్చాను. ఆట నిలబడింది. రబ్బరుతో చెరపడమే తప్ప బతికించడం కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ట్యూబు జోలికి మాత్రం ఒంటరిగా పోలేదు. తిరువళ్లూరులో పాత టీవీ మెకానిక్ ఒకాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఆయన కొట్లో ఇప్పుడు కొడుకు సెల్‌ఫోన్లు రీచార్జి చేస్తున్నాడు. బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను.

"ఎడమ చెయ్యి యాడుండాల?" అన్నాడు వెనక తలుపు తీయకముందే.

"తెలీదు మామా."

"జేబులో. నేను చెప్పేదాకా బయటికి రాకూడదు."

ట్యూబుకు 20 వేల వోల్టులకు పైగా కరెంటు పోతుంది. ప్లగ్గు పీకేసినా ఆ గాజు కరెంటును దాచుకుంటుంది. రెండు చేతులూ లోపల పెడితే అది ఒక చేతిలో ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలో దిగుతుంది. అందుకే జేబు. స్క్రూడ్రైవరుకు వైరు కట్టి, రెండో కొసను ట్యూబు చుట్టూ ఉన్న ఎర్తు తీగకు తగిలించి, ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి మెల్లిగా తోశాడు. టప్‌మంది. పది నిమిషాలు ఆగి మళ్లీ తోశాడు. ఈసారి చిన్న చప్పుడు. "తోడేసిన బావిలో నీళ్లూరినట్టే ఇదీ మళ్లీ ఊరుతుంది" అన్నాడు.

అంతకుముందు కరెంటిచ్చి చూసినప్పుడు తెర మీద బొమ్మ లేదు, మధ్యలో అడ్డంగా ఒక తెల్ల గీత. చూడగానే "వర్టికల్ పోయింది" అన్నాడు. ట్యూబు బోర్డు తిప్పి భూతద్దం పెడితే ఒక పిన్ను చుట్టూ వెంట్రుకంత నల్ల వలయం. దాన్ని డ్రై సోల్డర్ అంటారు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, లెడ్ పిన్నును వదిలేస్తుంది. ఆయన కాల్చి అతికించాడు. ఎండిపోయిన కెపాసిటర్ల బదులు కొత్తవి తేవడం నా వంతు. రైల్లో చెన్నై సెంట్రల్‌కు పోయి, అక్కణ్ణుంచి ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీటుకు నడిచాను.

అక్కడ ఒక కొట్టు కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "ఎందుకు సార్ ఈ తిప్పలు? ట్యూబు పీకేసి ఎల్‌సీడీ పెట్టండి, అరచేతిలో పట్టే కంప్యూటరు పెట్టండి, వెయ్యి ఆటలొస్తాయి" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. పాత ఆటల్ని కంప్యూటర్లో ఆడించే మేమ్ అనే ప్రోగ్రాం 1997 నుంచీ ఉంది. ముస్తఫా ఎక్కడికీ పోలేదు, నా ఫోన్లో కూడా ఆడతాడు. 105 డిగ్రీల వేడి తట్టే కెపాసిటర్లు నాలుగు కొనుక్కుని వచ్చేశాను గానీ, అతని ప్రశ్న రైల్లో నాతోపాటే వచ్చింది.

జవాబు మా ఊళ్లోనే దొరికింది. పూండిలో పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. పక్కనే ఉన్న అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి పనిముట్లు కనుగొన్నాడు. అక్కడి చేతిగొడ్డళ్లలో పాతవి 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చిన్నప్పట్నించీ చూస్తున్న ఆ అద్దాల బీరువాల ముందు ఈసారి కాసేపు నిలబడ్డాను. రాయి మా చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతుంది. మ్యూజియంలో పెట్టింది దాని మీద చెయ్యి చేసిన పనికి.

నా పెట్టెలో ఎడమవైపు జాయ్‌స్టిక్ కింద, అరచెయ్యి ఆనే చోట సన్‌మైకా అరిగి చెక్క బయటపడింది. పెయింటరు దాని మీద కొత్త షీటు అతికిస్తానన్నాడు. వద్దన్నాను. జాయ్‌స్టిక్ లోపలి నాలుగు మైక్రోస్విచ్చులు మార్చాను, బటన్లు మార్చాను. కదిలేవి కదలాలి కాబట్టి మార్చాల్సిందే. ఎవరెవరో పిల్లలు రూపాయి రూపాయిగా అరగదీసిన చోటును కొత్తది చేసే హక్కు నాకు లేదనిపించింది.

బోర్డు గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. నాది అసలు కాప్‌కామ్ బోర్డు కాదు, నకలు. అసలు బోర్డులో సౌండు ప్రోగ్రాం తాళంచెవిని ఒక చిన్న బ్యాటరీ కాపాడుతుంటుంది. బ్యాటరీ చస్తే తాళంచెవీ పోతుంది. నకలులో ఆ తాళమే లేదు. దొంగ బోర్డు గొడ్ల పాకలో పడి ఉండి కూడా బతికింది.

చివరికి మిగిలింది రూపాయి. ఆ కాలం స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు. ఇప్పటి కొత్త రూపాయి 20. వేస్తే జారి కింద పడుతుంది. కొత్త బిళ్లల్లో 25 మిల్లీమీటర్లదంటే ఐదు రూపాయలది! ఇంట్లో డబ్బాలు వెతికి పాత రూపాయలు పదకొండు పోగేసి, పెట్టె మీద గిన్నెలో పెట్టాను. వీధి పిల్లలు వచ్చి అవే వేసి ఆడతారు, పోయేటప్పుడు నేను అవే తీసి గిన్నెలో వేస్తాను. మొన్న అత్త కూడా వచ్చి ఒక రూపాయి వేసింది. మొదటి వీధి దాటకుండానే చచ్చిపోయింది.

మీ ఇంట్లోనో పాకలోనో ఇలాంటి పెట్టె, కనీసం ఒక పాత టీవీ ఉంటే పాతసామాన్ల వాడికి తూకానికి వేయకండి. మీరే వెనక తలుపు తీయకండి కూడా. మీ ఊరి పాత టీవీ మెకానిక్‌ను ఒకసారి ఇంటికి పిలవండి. ట్యూబులు ఇంకా అక్కడక్కడా దొరుకుతున్నాయి, వాటిని తెరిచే చేతులే ఏటా తగ్గిపోతున్నాయి.