గొంతు ఎవరిది, శరీరం ఎవరిది?

సినిమాలో మాటా పెదవీ కలవడం సాంకేతికుల పని, విమర్శకుడికి దానితో నిమిత్తం లేదు అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఇది సరైంది కాదు. ఎవరి గొంతు ఎవరి శరీరానికి చెందుతుంది అనేది శిల్పసమస్యే కాదు, వస్తుసమస్య కూడా.

కెమెరా సెకనుకి 24 బొమ్మలు తీస్తుంది. ధ్వని వేరే యంత్రంలో నమోదవుతుంది. షాటు మొదట్లో కొట్టే క్లాప్ రెండింటికీ ఒకే ఆరంభాన్ని ఇస్తుంది గాని, వాటి నడకను కలపలేదు. వేగంలో వెయ్యో వంతు తేడా ఉన్నా పది నిమిషాల్లో మాట 14 ఫ్రేములు పక్కకు జారుతుంది. అందుకే కెమెరా మోటారు వేగాన్ని తెలిపే సంకేతాన్ని టేపు మీదే నమోదు చేసే పద్ధతి వచ్చింది.

ఈ పద్ధతికి భుజాన మోయగల రికార్డరూ, చేతిలో ఇమిడే కెమెరా తోడైనప్పుడు ఏం సాధ్యమైందో జాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ తీసిన ‘క్రానిక్ ద్యున్ ఎతే’ (1961) చూపిస్తుంది. అంతకుముందు డాక్యుమెంటరీల్లో కార్మికుడు ఎక్కువగా మూగ బొమ్మ; అతని గురించి మాట్లాడేది తెర వెనక వ్యాఖ్యాత. ఇందులో రెనో కర్మాగారపు కార్మికుడు ఆంజెలో, ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థి లాండ్రీ మెట్ల మీద కూర్చుని తమ బతుకుల గురించి తామే మాట్లాడుకుంటారు.

ఇంకా గొప్ప ఘట్టం మార్సెలీన్‌ది. 1944లో తండ్రితో పాటు నాజీ శిబిరాలకు వెళ్లి, తండ్రి లేకుండా తిరిగొచ్చిన మనిషి ఆమె. భుజాన రికార్డరుతో పారిస్ వీధుల్లో నడుస్తూ, చనిపోయిన తండ్రితో మాట్లాడుతుంది. కారులో ఉన్న కెమెరా దూరమైపోతూ ఉంటుంది. లే ఆల్ మార్కెట్ కప్పు కింద ఆమె చిన్న నీడగా మిగులుతుంది. గొంతు మాత్రం మన చెవి పక్కనే ఉంటుంది. పెదవులు కనబడవు, అయినా అనుమానం రాదు. యంత్రం కలిపేది పెదవినీ శబ్దాన్నీ మాత్రమే. ఇక్కడ కలిసింది మాటా, దాన్ని మోస్తున్న మనిషీ.

అయితే ధ్వని కలిసినంత మాత్రాన సత్యం చేతికి రాదు. ప్రశ్నలు వేసింది దర్శకులు. తీసినదంతా కోసి గంటన్నరకు కుదించిందీ వాళ్లే. సినిమా చివర అందులోని మనుషులకే దాన్ని చూపించి వాళ్ల అభ్యంతరాలను కూడా చేర్చడం దర్శకుల నిజాయితీ. కాని కత్తెర వాళ్ల చేతికి రాలేదు. ఇది ఆ సినిమా పరిమితి.

మన తెలుగు సినిమా దశాబ్దాలుగా చాలావరకు డబ్బింగ్ థియేటరులోనే మాట్లాడింది. నాయిక ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మామూలైంది. పెదవి ఫ్రేము కూడా తప్పదు. కాని పొలంలో నిలబడ్డ మనిషి గొంతులో పొలం గాలి ఉండదు, ఆ ఊరి యాస ఉండదు.

కథకులకూ ఇది వర్తిస్తుంది. పాలేరు నోట మన ఉపన్యాసం పలికించినప్పుడు మనమూ డబ్బింగే చెప్తున్నాం. పెదవులు కలుస్తాయి, మనిషి కలవడు.