పాత లారీ ట్యాంకు విప్పే పని

పూతలపట్టు దగ్గర పీలేరు రోడ్డూ తిరుపతి రోడ్డూ కలిసి చిత్తూరు దారి పడతాయి. మామిడి కాలంలో తోతాపురి కాయల బండ్లు గుజ్జు ఫ్యాక్టరీల వైపు బారులు తీరే దారులివి. ఇలాంటి చోట లారీ మీద బతికిన ఇంట్లో పాత బండిని తూకానికి అమ్మబుద్ధి కాదు. 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ఆ కాలపు టాటా మెర్సిడెస్సో, మద్రాసులో తయారైన లేలాండ్ కామెట్టో పెరట్లో ఏళ్ల తరబడి నిలబడి ఉంటే, ఏదో ఒకరోజు మనవడికి దాన్ని నడపాలనిపిస్తుంది. కొత్త బ్యాటరీ తెచ్చి నేరుగా సెల్ఫ్ కొడతాడు. బండికి చేటు అక్కడే మొదలవుతుంది.

ఆ ఇంజన్లకు ప్రాణం డీజిల్ పంపు. అందులో ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులతో కొలవాల్సినంత సన్నం. ఏళ్లు గడిచిన డీజిల్ గాలి తగిలి జిగురుగా మారుతుంది, ఆ సందులో వార్నిష్‌లా గట్టిపడుతుంది. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ తాళంచెవి ముట్టుకోకముందే పంపు మీది స్టాప్ లివర్ చేత్తో కదిపి చూస్తాడు. లోపలి ర్యాక్ ఫుల్ దగ్గర బిగుసుకుని ఉంటే ఇంజన్ స్టార్టయ్యాక ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. మనిషికి కూడా ప్రమాదమే.

జిగురు కంటే నీళ్ల వల్ల నష్టం ఎక్కువని నా అభిప్రాయం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు గాలి వేడెక్కుతుంది, రాత్రి చల్లబడి లోపలి రేకుకు చెమ్మ పడుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ ప్రాంతపు గాలిలో తేమకు కొదవ ఉండదు. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములే తూగుతుంది కాబట్టి నీళ్లు అడుక్కు చేరతాయి. ఆ రెండూ కలిసే అంచున సూక్ష్మజీవులు పెరిగి నల్లటి పాకులాంటి మడ్డి చేస్తాయి. వాటి నుంచి పుట్టే ఆమ్లం ట్యాంకు రేకును తినేస్తుంది.

కాబట్టి ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, బండి కింద వెడల్పాటి తొట్టి పెట్టి, అడుగు నట్టు కొద్దిగా వదులు చేయాలి. మొదట దిగేదాన్ని తెల్ల గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచితే ట్యాంకు సంగతంతా అందులో తేలుతుంది. పైన ముదురు తేనె రంగు డీజిల్, దాని కింద నల్లటి పొర, అట్టడుగున నీళ్లు, ఆ నీళ్లలో ఎర్రటి తుప్పు పొడి. పొర పలచగా ఉంటే కడిగితే చాలు. తుప్పు పెళ్లలు కనిపిస్తే ట్యాంకు దించక తప్పదు. పైపు నోట పెట్టి పీల్చడం మాత్రం ఎన్నటికీ వద్దు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

దించిన ట్యాంకులో కాస్త కొత్త డీజిల్ పోసి, సన్నటి గొలుసు వేసి, అటూ ఇటూ దొర్లిస్తారు. వంచిన నూనె తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు. గొలుసు మొత్తం బయటికి తీశామని చూసుకోవాలి. చిల్లు ఉంటే వెంటనే వెల్డింగ్ పెట్టకూడదు. మన డీజిల్ ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత ప్రమాణాల ప్రకారం 35 డిగ్రీలు. చిత్తూరు ఎండాకాలం దాన్ని సులువుగా దాటుతుంది. ఖాళీ ట్యాంకులో ఉండే ఆ ఆవిరే పేలుతుంది.

ఆ తర్వాత పైపులు ఊదడం, జల్లెడ కడగడం, ఫిల్టర్లు మార్చడం మామూలే. కొత్త డీజిల్ పోశాక చేతి పంపు కొడుతూ ఫిల్టరు మీది స్క్రూ వదులుతారు. నురగ నురగగా వచ్చి, బుడగలు పోయి, ధార కట్టాక బిగిస్తారు. తర్వాత పంపు దగ్గరి స్క్రూ, చివరికి నాజిళ్ల దగ్గరి నట్లు. ఎయిర్ తీయడమంటే ఇదే. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, చెవీ వేలికొనా కావాలి. ఈ విద్య రోడ్డు పక్క షెడ్లలో, ఆటోనగర్లలో గురువు పక్కన స్పానర్ అందిస్తూ నేర్చుకున్నవాళ్లది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బైకులకూ కార్లకూ గుర్తింపు ఇచ్చింది గానీ, సరుకు లారీలను లెక్కలోకి తీసుకోలేదు. ఊళ్లకు ఎరువులు తెచ్చి, పంటలు మోసిన బండ్లకు ఇది అన్యాయమే. లారీ పోతే దాంతోపాటు ఈ చేతి పనీ పోతుంది.

తీసిన పాత డీజిల్‌ను కాలువలోనో గట్టు మీదనో పారబోయకూడదు. బోరు నీళ్ల మీద బతికే ఊళ్లు మనవి. మూత బిగిసే డబ్బాలో పట్టి, పాడైన నూనెలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు ఇవ్వాలి. బండి కదిలాక మొదటి ఫిల్టర్లను తొందరగానే మార్చాలి, మిగిలిన మడ్డి అంతా వాటిలోకే వచ్చి చేరుతుంది. మళ్లీ నెలల తరబడి నిలిపేటట్లయితే ట్యాంకు నిండా డీజిల్ పోయించి నిలపాలి. లోపల గాలికి చోటు తగ్గితే చెమ్మ కూడా తగ్గుతుంది.