కథ ముందు, అక్షరం తర్వాత

మా సవర పిల్లల్లో కొందరు తెలుగు పాఠం గడగడా చదివేస్తారు. కథలో ఏం జరిగిందని అడిగితే మాత్రం నోరు మెదపరు. గుణింతాలు వచ్చాయి, వత్తులూ పట్టుబడ్డాయి. కానీ చదివిన మాటల్లో సగం ఇంట్లో ఎన్నడూ విననివి. ఇంకా చెవికెక్కని భాషలో చదువు మొదలుపెట్టించి, వాళ్లకు బుర్ర లేదనడం అన్యాయం.

సీతంపేట మన్యంలో చదువు చెబుతూ నేను నమ్మిన పద్ధతి ఒకటుంది. పుస్తకం తెరవకముందే కబుర్లు మొదలవుతాయి. పోడులో ఏం వేశారు, నిన్న అడవిలో ఏం దొరికింది... అన్నీ వాళ్ల ఇంటి భాష సవరలోనే. ఒక పిల్ల చెప్పిన వాక్యాన్ని తెలుగు లిపిలో చార్టు మీద రాస్తాను. చెప్పిన పిల్లే వేలు పెట్టి చదువుతుంది. అర్థం ముందే తెలుసు కాబట్టి ధ్యాసంతా అక్షరం మీదే ఉంటుంది. సవరలో గొంతు దగ్గర ఠక్కున ఆగే ధ్వని ఒకటుంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. అందుకని ఒక చిన్న గుర్తు పెట్టుకున్నాం. అది ఏ మాటలో ఎక్కడ రావాలో పిల్లలే చెబుతారు. మాటలోని ధ్వనుల్ని ఇలా విడదీసి వినగలిగిన చెవికి చదవడం త్వరగా అబ్బుతుంది. ఆ అక్షరాలే రేపు తెలుగు కథకూ పనికొస్తాయి. ఆ కథను కూడా ముందు సవరలో చెప్పి, ఆ తర్వాతే చదివిస్తాను.

'తెలుగు రాకపోతే మా పిల్లలు ఎలా బతుకుతారు సారూ?' అని తల్లులు అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే తెలుగు ఆటపాటలు, మాటలు మొదటి రోజు నుంచీ ఉంటాయి. ఒక భాష కోసం ఇంకోదాన్ని మాన్పించక్కర్లేదు.

ఈ పద్ధతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా చూడమని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం సవర, గోండి, కోయ, కువి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే బహుభాషా విద్య మొదలుపెట్టింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

తోటి టీచర్లకు నా మనవి: ఈ ఆగస్టు 29న పద్యాల పోటీలతో పాటు, మీ బడిలో పిల్లల ఇంటి భాషలో ఒక కథ చెప్పించండి. తెలుగు లిపిలో రాసి, వాళ్లచేతే చదివించండి.