మత్తు డాక్టరు పనితనం

కడుపుతో ఉన్న మనిషికి మెదడులో గడ్డ తీశారంటే పేపర్లో సర్జన్ ఫొటో పడుతుంది. పడాల్సిందే. కానీ ఆ గదిలో అన్నిటికన్నా సున్నితమైన పనితనం మత్తు డాక్టరుదని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గర్భిణి థియేటర్ దాకా ఎలా చేరుతుందో చూడాలి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కాంటినెంటల్, స్టార్ వంటి పెద్ద ఆసుపత్రులున్నాయి. న్యూరోసర్జన్ కోసం ఊళ్లు దాటాల్సిన పని లేదు. అయినా ఆలస్యం జరిగేది అనుమానం రాకపోవడం వల్ల. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి తలనొప్పి అంటే నేరం స్క్రీన్ మీదికి పోతుంది. కడుపుతో ఉంటే వాంతులన్నీ వేవిళ్ళ ఖాతాలో పడతాయి. ఏడో నెలలో చూపు మసకబారి ఫిట్స్ వస్తే బీపీ పెరిగి వచ్చే ఎక్లాంప్సియా అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. వాటి మధ్యలోంచి గడ్డను పట్టుకునే డాక్టరు చిన్న చిన్న గుర్తులు వెతుకుతారు. వేవిళ్ళ నెలలు దాటాక మళ్ళీ మొదలైన వాంతులు, తెల్లవారుజామున నిద్ర లేపే తలనొప్పి, దగ్గితే పెరిగే పోటు, ఫిట్స్ వచ్చినా బీపీ మామూలుగా ఉండటం. కంటి వెనక నరం ఉబ్బిందేమో లైటు వేసి చూడటానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ తర్వాత ఎమ్మారై, వీలైనంతవరకు గెడోలినియం ఇంజెక్షన్ లేకుండా. ఆ మందు మావి దాటి బిడ్డకు చేరుతుంది. అత్యవసరమైతే తల సీటీ కూడా తీయవచ్చు. దానివల్ల కడుపులో బిడ్డకు చేరే రేడియేషన్ అతి స్వల్పం. భయంతో వాయిదా వేయడమే ఎక్కువ ప్రమాదం.

గర్భం గడ్డను పుట్టించదు గానీ, ఉన్నదాన్ని ఉబ్బించగలదు. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమాల్లో చాలా వాటికి ప్రొజెస్టెరాన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయి. ఒంట్లో నీరు, రక్తం పెరగడం దానికి తోడవుతుంది. నెలలు నిండేకొద్దీ చూపు తగ్గడం, కాన్పయ్యాక కొంత తిరిగి రావడం గురించి హార్వే కుషింగ్, లూయీజ్ ఐజెన్‌హార్ట్ 1929లోనే రాశారు.

గడ్డ ఉందని తెలిసిన వెంటనే కోయరు. తల్లి నిలకడగా ఉంటే ఆగుతారు. ఆగడం కూడా ఒక పనే. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తారు, ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ మానేసి లెవెటిరాసిటమ్ లాంటిది వాడతారు, వారం వారం చూపు పరీక్షిస్తారు. కోయక తప్పకపోతే నాలుగు నుంచి ఆరో నెల మధ్య కాలం మెరుగు. ముప్పైనాలుగు వారాలు దాటితే సాధారణంగా ముందు సిజేరియన్ చేసి బిడ్డను తీస్తారు, ఆ తర్వాతే తల. అన్నిటికన్నా కష్టమైనది నడిమధ్యలో వచ్చేది. తల్లి స్పృహ తప్పుతుంటుంది, బిడ్డ బయటికి రావడానికి ఇంకా చాలా ముందు. అప్పుడు బిడ్డను కడుపులోనే ఉంచి తల తెరవాలి.

మత్తు డాక్టరు పనితనం అసలు కనిపించేది అక్కడే. మెదడుకు నచ్చేది గర్భసంచికి నచ్చదు. అడుగడుగునా ఇదే తగువు.

పడుకోబెట్టడం దగ్గరే మొదలవుతుంది. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు పెద్ద సిరను నొక్కేసి, గుండెకు రక్తం తిరిగి చేరనివ్వదు. అందుకని కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఒంటిని పదిహేను డిగ్రీలు ఎడమకు వాల్చుతారు. కానీ తలను మూడు మేకుల క్లాంపులో బిగించాక ఒంటిని కదిపితే మెడ మెలిపడుతుంది. మెడ సిరలు నొక్కుకుపోయి మెదడు ఉబ్బుతుంది. కాబట్టి దిండు ముందు, మేకులు తర్వాత. ఆ వరస తప్పితే సర్జన్ ఎంత నేర్పరైనా పొంగుతున్న మెదడుతో పెనుగులాడాల్సిందే.

గొంతులో శ్వాస గొట్టం వేసేటప్పుడు మరో తగువు. కడుపులోది పైకి ఎగదన్నే ప్రమాదం ఎక్కువ, ఆక్సిజన్ నిల్వ తక్కువ. అందుకని గొట్టం చకచకా పడాలి. తొందరలో మత్తు చాలకపోతే బీపీ ఎగిరి తలలో ఒత్తిడి పెరుగుతుంది. వేగం, లోతు రెండూ ఒకే నిమిషంలో కావాలి.

ఇక శ్వాస. మామూలు మెదడు ఆపరేషన్లో వెంటిలేటర్‌ను కాస్త జోరుగా నడిపి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తారు. మెదడు రక్తనాళాలు ముడుచుకుని, సర్జన్‌కు చోటు దొరుకుతుంది. మనకు మామూలుగా ఆ కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 40 మి.మీ. దగ్గర ఉంటుంది. గర్భిణికి సహజంగానే 30కి దిగి ఉంటుంది. అందరికీ పెట్టినట్టు 38 పెడితే ఆమెకు అది ఎక్కువ, మెదడు ఉబ్బుతుంది. సర్జన్ అడిగాడని 25 కిందికి లాగితే గర్భసంచికి రక్తం తగ్గుతుంది, పైగా తల్లి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను బిగబట్టి బిడ్డకు వదలదు. మిగిలింది 28కీ 32కీ మధ్య సన్నటి సందు. గంటల తరబడి ఆ సందులో నిలపడమే ఈ పనికి గుండెకాయ. బీపీ సంగతీ ఇంతే. కాస్త తగ్గిస్తే కోత దగ్గర రక్తం తక్కువ కారుతుంది. కానీ మెదడులా గర్భసంచి తన రక్తప్రవాహాన్ని తాను సర్దుకోలేదు. తల్లి బీపీ పడితే బిడ్డకు అందేదీ పడుతుంది.

పక్కనే గైనకాలజిస్టు బిడ్డ గుండె చప్పుడు వింటుంటారు. మత్తులో దాని హెచ్చుతగ్గులు సమసిపోతాయి. అది ప్రమాదం కాదు, బిడ్డకూ మత్తు చేరిందని గుర్తు. నిమిషానికి 110 కిందికి జారి అక్కడే ఉండిపోయినా వెంటనే బిడ్డను తీసే ఆలోచన చేయరు. ముందు తల్లి బీపీ, ఆక్సిజన్, వాలు సరిచేస్తారు. చాలాసార్లు దానితోనే తేరుకుంటుంది.

శ్వాస మీద ఇంత పట్టింపు ఈ నగరానికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల్లో ఇక్కడ రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదని అతను తేల్చినది తర్వాత తప్పని రుజువైంది. కానీ మత్తిచ్చేవాడు రోగి శ్వాస మీంచి కన్ను తీయకూడదన్న అతని పట్టు నిలిచింది. అతని దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరు పొందారు. ఆమెను మనం ఇంతగా మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మత్తు డాక్టరు పని జనానికి కాస్త తెలిసిందంటే మెలకువలో చేసే ఆపరేషన్ల వార్తల వల్లే. 2022 ఆగస్టులో గాంధీ ఆసుపత్రిలో ఒక పెద్దావిడ 'అడవి దొంగ' సినిమా చూస్తుండగా గడ్డ తీశారు. గర్భిణులకూ కొన్నిచోట్ల ఇలా మెలకువలో చేశారు.

లేపడం ఆఖరి తగువు. తల కోసం అయితే దగ్గు రాకుండా, మత్తు ఇంకా ఉండగానే గొట్టం తీయాలి. గర్భం కోసం అయితే పూర్తిగా తెలివి వచ్చాకే తీయాలి, లేకపోతే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గర్భిణిని పూర్తిగా లేపే తీస్తారు. ఆ దగ్గును మెత్తబరచడానికి చిన్న మోతాదులో మందులు లెక్కపెట్టి ఇస్తారు.

కాన్పు నాటికి మళ్ళీ ఆ డాక్టరే కావాలి. తల ఆపరేషన్ అయినంత మాత్రాన సిజేరియన్ తప్పదని లేదు. గడ్డ పూర్తిగా పోయి ఒత్తిడి లేకపోతే నొప్పులు పడనివ్వవచ్చు. మిగిలి ఉండి ఒత్తిడి తగ్గకపోతే వెన్నులో ఇంజెక్షన్ ప్రమాదకరం, మెదడు కిందికి జారిపోవచ్చు. తల్లిని గట్టిగా ముక్కనివ్వకూడదు. అందుకని ఏ దారిలో కాన్పు చేయాలన్న చర్చకు మత్తు డాక్టరును కాన్పు రోజున కాదు, నెలల ముందే పిలవాలి.