‘అమృతం’ రూపకమున స్థానివద్భావము

హాస్యము నవరసములలో నొకటి. తత్ప్రధానమైన ప్రహసనము దశరూపకములలో నొకటి. భరతముని యంగీకరించిన దానిని విచారించుట పండితులకుఁ గొఱఁత గాదు. టెలివిజను హాస్యరూపకములలోఁ దెలుఁగువారి యిండ్లయందు మిక్కిలి ప్రచారము గాంచినది ‘అమృతం’. ఇది గుణ్ణం గంగరాజుగారి నిర్మాణము. జెమినీ టీవీలో 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వఱకుఁ బ్రసారమై, 300లకుఁ బైఁబడిన భాగములతో ముగిసినది.

ఇందలి కథాస్థానము రాజసభ గాదు, ఉద్యానవనము గాదు. ‘అమృత విలాస్’ అను చిన్న హోటలు. అమృతము, ఆంజనేయులు అను మిత్రులిద్దఱు దానిని నడుపుదురు. సర్వము వంటవాఁడు, వడ్డించువాఁడు. అప్పాజీ అద్దెయింటి యజమానుఁడు, లోభి. సంజీవని, శాంత గృహిణులు. నాయకునకు ధనికుఁడు గావలయునను కోరిక యెన్నఁడును దీఱదు. పన్నిన యుపాయము భగ్నమగును. హోటలు మొదటివలెనే మిగులును.

ఈ రూపకమును గూర్చి ప్రేక్షకులలోఁ బెక్కు వాదములు గలవు. వానిలో ముఖ్యమైనది నాయకుని గూర్చినది. అమృతము పాత్రమును మొదట శివాజీరాజాగారును, పిదప నరేశ్‌గారును, అటుపిమ్మట హర్షవర్ధన్‌గారును ధరించిరి. వీరిలో ‘అసలు అమృతము’ ఎవరు? తొలుతఁ జూచిన రూపమే యసలైనదని కొందఱు. చిరకాలము ధరించి తుదివఱకు నడపినవాఁడే యసలైనవాఁడని మఱికొందఱు. పాత్రము రచయితది గావున నెవరు ధరించినను నొక్కటియే యని మూఁడవ పక్షమువారు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారి యలవాటు నొకదానిని స్మరించినచో నీ వాదము మఱింత వింతగాఁ దోఁచును. పద్యనాటకములందు ఒక్క రాత్రియే యిద్దఱు ముగ్గురు కృష్ణులు రంగమునకు వత్తురు. పడకసీనునకు నొకరు, రాయబారమునకు వేఱొకరు. తెల్లవాఱువఱకుఁ గూర్చుండు ప్రేక్షకుఁడు ‘ఇందుఁ గృష్ణుఁ డెవఁ’డని యడుగఁడు, ఎవరి పద్య మెట్లున్నదో మాత్రమే విచారించును. ఆ ప్రేక్షకుఁడే టెలివిజను ముందు గూర్చున్నప్పుడు, అమృతము మాఱెనని యేల నొచ్చుకొనవలెను?

కారణము స్పష్టము. కృష్ణునకుఁ గిరీటము, పింఛము, నీలవర్ణము గలవు. ఆ చిహ్నములు ధరించినవాఁ డెవఁడైనను గృష్ణుఁడే. హోటలు నడుపు గృహస్థునకుఁ గిరీటము లేదు. చొక్కాయు లాగును అందఱివే. అతని ముఖమే వేషము. అతని కంఠమే కిరీటము. ముఖము మాఱినచో వేషమే మాఱినట్లగును. కాఁబట్టి ప్రేక్షకుల నొవ్వు కేవల మవివేకము గాదు.

అట్లైన మూఁడవ పక్షము త్రోసివేయఁదగినదా? ఇచ్చట వ్యాకరణశాస్త్ర ముపకరించును. ఒకదాని స్థానమున వచ్చినది ఆదేశము, తొలఁగినది స్థాని. ఆదేశము స్థానివంటిదే యని పాణిని విధించెను. కాని వర్ణము నాశ్రయించిన విధులయందు మాత్ర మట్లు గాదని వెంటనే మినహాయించెను. క్త్వా స్థానమున ల్యప్ వచ్చినను ‘ప్రకృత్య’ యన్నది యవ్యయమే. స్థాని ధర్మము దానికి సంక్రమించినది. ‘ద్యౌః’ అను రూపమునందో, వకారము స్థానమున వచ్చిన ఔకారమును హల్లుగాఁ దలంచి విభక్తిని లోపింపఁజేయరాదు. లోకమున దీనికి దృష్టాంతముగా మహాభాష్యకారుఁడు గురుపుత్రునిఁ జూపెను: గురువునకుఁ జేయు మర్యాద లతనికిఁ జేయవలయును, ఉచ్ఛిష్టభోజనమును, పాదగ్రహణమును మాత్రము చేయరాదు.

ఈ న్యాయమున నాయకుని బరిశీలింతము. ధనాశ, తొందరపాటు, మిత్రుని వెంటఁబెట్టుకొని యాపదలోఁ బడుట, అప్పాజీ యెదుట నిస్సహాయత: ఇవి మువ్వురియందును నిలిచినవి. పలుకు నడక, చూపు, తొట్రుపాటులోని లయ: ఇవి నటునితో వచ్చి నటునితోఁ బోయినవి. మొదటివి పాత్రధర్మములు, రెండవవి వర్ణాశ్రయములు. ఏది రచయితదో, ఏది నటునిదో వేఱుచేయుట విమర్శకులకుఁ గష్టసాధ్యము. అమృతము పాత్రమున నటులు మాఱుటచే నా విభాగము తనంతఁదానే జరిగినది. కావున మూఁడు పక్షములును బాక్షికసత్యములే. సంజీవని పాత్రమునందును నటీమణులు మాఱిరి. ఆ మార్పును గూర్చి వాద మంతగా సాఁగకపోవుట మాత్రము చింత్యము. నాయకుని కంఠమును వెదకిన చెవి నాయిక కంఠమును వెదకలేదు.

కథను గూర్చిన యాక్షేప మొకటి గలదు. నాయకుఁ డెన్నఁడును బాగుపడఁడు, కథ మొదలికే వచ్చుననుట. యాత్రికులతో బల్లలు నిండు హోటళ్లను నిత్యము చూచు తిరుపతివారికి, ఎన్నటికిఁ బుంజుకొనని హోటలు వింతగాఁ దోఁచుట సహజము. కాని హోటలు నిండినచో నాయకునకు వేఱొక యుపాయము వెదకు నవసర ముండదు; ఉపాయము లేనిచోఁ గథయే లేదు. ఇది దోషము గాదు, బీజము.

ఇఁక ఆంజనేయులు. ప్రథమరూపకమున నీ పాత్రమునకు ఆదేశము రాలేదు. గుండు హనుమంతరావుగారే యాద్యంతము ధరించిరి. ఆంజనేయులు, హనుమంతుఁడు పర్యాయపదములు. పాత్రనామమును నటనామమును ఒక్క యర్థమునే చెప్పుట కేవల యాదృచ్ఛికమైనను, ప్రేక్షకుల మనస్సునందు నవి నిజముగనే యేకమైనవి. అమాయకమైన యా పలుకులోని సాగుడు, నమ్మకము, ఆలస్యముగాఁ గలుగు గ్రహింపు: ఈ పాత్రమున వర్ణాశ్రయము గానిది మిగుల స్వల్పము.

2018 ఫిబ్రవరిలో హనుమంతరావుగారు దివంగతులైరి. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5లో వెలువడినప్పుడు ఆంజనేయులు పాత్రమును ఎల్.బి. శ్రీరామ్‌గారు ధరించిరి. వారు నటులుగా, రచయితలుగా లబ్ధప్రతిష్ఠులు. అయినను బూర్వరూపకము నెఱిఁగిన ప్రేక్షకుల చెవి పాత కంఠమునే వెదకినది. దీనిని నటుని లోపముగా నెంచువారు పొరపడుచున్నారు. గురుపుత్రుని పాదములు పట్టనిచో నతనికి లోపము లేదు. అది గురువునకు మాత్రమే చెల్లు మర్యాద.

కావున సిద్ధాంత మిది: అమృతము విషయమునఁ బ్రేక్షకులు తమ మొదటి యభిమానమును కొంత సడలింపవచ్చును; అక్కడ స్థానివద్భావము చెల్లును. ఆంజనేయుల విషయమున వారి దుఃఖమే ప్రమాణము. కొన్ని పాత్రములు రచనయందు నిలుచును. కొన్ని యొక మనుష్యుని కంఠమునందు మాత్రమే నిలుచును. రెండవవానికి ఆదేశము విధింపవచ్చును గాని, స్థానిని మఱపింపఁజాలము.