రెక్క కింద సీసా పట్టేవాడు

వీపనగండ్లలో ట్రాక్టర్ మెకానిక్ డీజిల్ ఫిల్టర్ కింది బోల్టు వదులు చేసి, అడుగున చేరిన నీళ్లు వదిలేస్తాడు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో హెచ్‌పీటీ-32 దీపక్ విమానాలు ఎగిరిన రోజుల్లో టెక్నీషియన్ చేసిందీ దాదాపు అదే. కాకపోతే ట్రాక్టర్ ఆగితే గట్టు మీద కూర్చోవచ్చు.

రెక్క కింది డ్రెయిన్ నొక్కి గాజు సీసాలో కాస్త పెట్రోలు పట్టి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. నీలిరంగు పెట్రోలు అడుగున రంగులేని బొట్టు కదిలిందా, అది నీరే. బొట్టు కనబడనిదాకా మళ్లీ మళ్లీ పట్టాల్సిందే. వేగం కొలిచే పిటో గొట్టం మీది తొడుగు తీయాలి. మరిస్తే వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. ఆ తర్వాతే విమానం సర్వీసింగ్ రికార్డు అయిన ఫారం 700లో సంతకం.

టేకాఫ్ అవుతూనే ఇంజన్ ఆగితే పైలట్‌కు ఉండేవి సెకన్లే. వెనక్కి తిప్పబోతే వేగం పడిపోయి కూలుతుంది. అందుకే ముక్కు దించి ఎదురుగా ఉన్న చేలోనే దిగమని నేర్పుతారు. దీపక్‌లో ఎజెక్షన్ సీటు కూడా లేదు. పెట్రోలు అందక ఇంజన్ ఆగే జబ్బు దానికి పుట్టుకతో వచ్చిందే, ఎంత మంచి ఫిట్టరైనా ఏం చేస్తాడు? 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు చనిపోయాక వాటిని నిలిపేశారు. 2013లో ఎజెక్షన్ సీట్లున్న స్విస్ పిలాటస్ విమానాలు వచ్చాయి. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర వాటిలోనూ ఒకటి కూలి ఇద్దరు పోయారు.

కూలినదానికి విచారణ వేస్తారు. నీటిబొట్టు దొరికి ఆపేసిన విమానం సంగతి పేపర్లో రాదు. పైలట్ వచ్చి టెక్నీషియన్ భుజం తట్టి చాయ్ తాగిస్తే అదే గొప్ప.