పిల్ల గుణవంతురాలే గానీ...

కార్ల గురించి ఈవిడకేం తెలుసని మగపాఠకులు ఎవరైనా అనుకోవచ్చు. నిజమే, ఇంజను సంగతి నాకు తెలిసింది తక్కువే. కానీ కారు కొనేముందు ఇళ్ళల్లో జరిగే చర్చల సంగతి బాగా తెలుసు. నవలలు రాసుకునేదాన్ని కదా, చెవులెప్పుడూ అటే వుంటాయి. ఆ మాటలు వింటుంటే నాకు పెళ్ళిచూపులే గుర్తొస్తాయి. "పిల్ల గుణవంతురాలే గానీ..." అన్నట్టే "బండి మంచిదే గానీ..." అంటారు. ఆ "గానీ" తరవాత వచ్చేదే అసలు సంగతి.

నేను చెప్పేది డిక్కీ వున్న, మరీ చిన్నవీ మరీ పెద్దవీ కాని సంసారపక్షం కార్ల గురించి. మన దేశంలో 1998లో హోండా సిటీ వచ్చాక వీటికో కొలబద్ద దొరికింది. తరవాత ఏ బండి వచ్చినా దాని పక్కన నిలబెట్టి చూడడమే.

నాకు అన్నిటికన్నా జాలేసేది ఫియట్ లీనియాని చూస్తే. 2009లో వచ్చింది. అందమైన బండి. గతుకుల రోడ్డు మీద కూడా కడుపులో చల్ల కదలకుండా తీసుకుపోతుందని ఎక్కినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అందులోని డీజిలు ఇంజను ఫియట్ వాళ్ళ సొంత సృష్టి. అదే ఇంజనుని మారుతి వాళ్ళు లైసెన్సు తీసుకుని స్విఫ్టులో, డిజైర్‌లో, 2014లో వచ్చిన సియాజ్‌లో పెట్టుకుని లక్షల బండ్లు అమ్ముకున్నారు. కన్నవాళ్ళింట మాత్రం దానికి ఆదరణ లేకపోయింది. ఎందుకంటారా? ఫియట్ కార్లని చాలాకాలం టాటా వాళ్ళ షాపుల్లో ఓ పక్కన పెట్టి అమ్మారు. 2012లో ఆ పొత్తు కూడా వదులుకున్నారు. రేపు రిపేరు వస్తే ఎవరి గుమ్మం తొక్కాలి? మారుతి మెకానిక్ అయితే ప్రతి వూళ్ళోనూ వుంటాడు. లీనియా వద్దనుకున్న గృహిణిని రసికత లేని మనిషని నేననను. బండి షెడ్డులో పడుంటే పిల్లల్ని బడికి దింపడానికి ఆటో బేరమాడాల్సింది ఆవిడే.

హోండా సిటీకి కూడా గడ్డు రోజులు తప్పలేదు. 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోలు ధర మీద అదుపు వదిలేసింది, డీజిలు మీద మాత్రం 2014 అక్టోబరు దాకా వుంచింది. రెండింటికీ మధ్య ధరలో తేడా బాగా పెరిగింది. హుండాయ్ వెర్నా కొత్త రూపంతో, డీజిలు ఇంజనుతో 2011లో దిగి గిరాకీ తన్నుకుపోయింది. సిటీకి డీజిలు వచ్చింది 2014 జనవరిలో. వచ్చీ రాగానే మళ్ళీ జనం అటు తిరిగారు. చిత్రమేమిటంటే, బజారుకీ గుడికీ తప్ప తిరగని ఇళ్ళవాళ్ళు కూడా లక్ష దాకా ఎక్కువిచ్చి డీజిలు బండే కొన్నారు. ఆ లక్ష తిరిగి రావాలంటే ఎన్నేళ్ళు తిరగాలో లెక్క వేసినవాళ్ళు ఎందరో!

ప్రకటనల గురించి ఒక్క మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. 2007లో మారుతి ఎస్‌ఎక్స్4 వచ్చినప్పుడు "మగవాళ్ళు తిరిగొచ్చారు" అనే అర్థంలో ఇంగ్లీషులో ప్రకటించారు. ఎక్కడికెళ్ళారు కనుక? ఆ బండి ఎత్తుగా వుండి స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగలకుండా పోయేది. ఆ సుఖం వెనక కూచునే అత్తగారికీ, ఒళ్ళో పసిబిడ్డ వున్న కోడలికీ తెలుస్తుంది. వాళ్ళకి చెప్పుకోదగ్గ గుణాన్ని మీసాలకి అంటగట్టడం ఏం తెలివో నాకు బోధపడదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది టయోటా యారిస్. 2018 మేలో వచ్చింది. వచ్చిన కొత్తలో ఏ రకం కొన్నా, అన్నిటికన్నా చవకది కొన్నా, ఏడు ఎయిర్‌బ్యాగులు వుండేవి. పోటీ బండ్లలో ఆరు కావాలంటే ఖరీదైన రకం జోలికి పోవాల్సిందే. తయారుచేసినవాళ్ళకి పేరు తక్కువా అంటే, ఇన్నోవా కోసం జనం నెలల తరబడి కాచుకున్నవాళ్ళే వాళ్ళు. అయినా యారిస్ నడవలేదు. డీజిలు లేదన్నారు. ముఖంలో కళ లేదన్నారు. ధర ఎక్కువన్నారు. ఇవి కొట్టిపారెయ్యదగ్గ మాటలు కావు. కానీ మరో మాట నా చెవిలో ఇంకా ముల్లులా వుంది: "పైన సన్‌రూఫ్ లేదండీ!" సిటీకీ వెర్నాకీ పై రకాల్లో అది వుంది మరి. మన ఎండల్లో సన్‌రూఫ్ తీసి కూచునేది ఏడాదికి ఎన్ని రోజులు? పిల్లవాడు అందులోంచి తల బయటపెడితే ముచ్చటపడి ఫోటోలు తీస్తాం. ఎయిర్‌బ్యాగు ఫోటోలో పడదు. 2021 సెప్టెంబరులో యారిస్‌ని ఇక్కడ ఆపేశారు.

ఇక పన్నుల గొడవ ఒకటుంది. 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న ఇంజను కార్లకి పన్ను తక్కువ. ఆ గీత లోపల ఇమడడానికే 2012లో డిజైర్ డిక్కీ కురచ చేశారు. ఆకారం ఎబ్బెట్టుగా వుందని విమర్శకులు ముక్కు విరిచారు, ఇల్లాళ్ళు కొన్నారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారాక చిన్నవాటికి 18 శాతం, గీత దాటినవాటికి 40 శాతం. సిటీ, వెర్నాలు గీతకి అవతలే వున్నాయి. దానికి తోడు 2015లో క్రెటా వచ్చినప్పటినుంచి ఎత్తుబండ్ల మోజు. అది ఉత్త మోజేనా? మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ చీరకట్టుతో పల్లపు సీట్లోకి కూలబడడం, మళ్ళీ చెయ్యి పట్టి లేపమనడం చూశాక అలా అనలేను. సీటు నడుమెత్తున వుంటే ఆవిడ తనంతట తనే ఎక్కుతుంది, దిగుతుంది.

అయినా కాళ్ళు చాపుకుని కూచోడానికి సియాజ్ వెనక సీటంత విశాలమైన చోటు ఆ ధరలో ఎక్కడా దొరికేది కాదు. దాన్ని కూడా 2025లో ఆపేశారు. మా బంధువులింట్లో ఒకటుంది. అమ్మేద్దామని కొడుకు, వీల్లేదని తల్లి. ఇప్పటికైతే తల్లి మాటే నెగ్గింది.